ఇండియా జట్టు వెంట ఎమ్మిగనూరు మగ్గం గుంట దాకా

మా తెనాలిలో పొద్దున్నే నాతో కలిసి నడిచేవాళ్లలో ఒక రిటైర్డ్ ఇంజినీరు గారున్నారు. కిందటేడు ఆయన ఇండియా క్రికెట్ జట్టు వెంట విదేశం వెళ్లొచ్చారు. వెళ్లింది పన్నెండు రోజులు, చెప్పింది పదకొండు నెలలు. అక్కడి స్టేడియంలో సమోసా ఎనిమిది వందలట. బౌండరీ దగ్గర నిలబడ్డ మన ఆటగాడొకడు ఈయనవైపు తిరిగి దగ్గాడట. ఆ దగ్గు సంగతి నేను ముప్పైసార్లు విన్నాను. ముప్పై ఒకటోసారికి ఓర్పు అయిపోయి, "వచ్చే నెల మళ్లీ కప్పు ఉందిగా, ఈసారి నేనూ జట్టు వెంట తిరుగుతాను" అనేశాను.

"పాస్‌పోర్టు ఉందా?" అన్నారాయన.

లేదు. మోకాళ్లూ అంతంతమాత్రమే. టెలిఫోను శాఖ పెన్షనుతో విదేశీ సమోసాలు తినలేం. కానీ నోరు జారాక వెనక్కి తగ్గడం నాకు చేతకాదు. అందుకని సొంతంగా ఒక సిద్ధాంతం తయారుచేసుకున్నాను: జట్టు ఎక్కడ ఆడితే ఏం, నేను తిరిగితే చాలు. ఒక్కో మ్యాచ్ ఒక్కో ఊళ్లో టీవీలో చూస్తాను.

మొదటి ఊరు ఆదోని అని వెంటనే తేలిపోయింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ట్రంకు కాల్సు కలిపేవాణ్ణి. గుంటూరు పత్తి వ్యాపారులు ఆదోని పత్తి వ్యాపారులతో అరుచుకుంటుంటే మధ్యలో చెవులు పోగొట్టుకుంది నేనే. ఆ ఊరి గొంతు బాగా తెలుసు, మొహం ఒక్కసారీ చూడలేదు. అది ఏ కప్పు అని మాత్రం అడక్కండి. మనవాళ్లు ఏడాది పొడవునా ఏదో ఒక కప్పు ఆడుతూనే ఉంటారు. ఇది తూర్పు దేశంలో జరిగిన ఇరవై ఓవర్ల ఆట. మనకు మధ్యాహ్నం ఒకటిన్నరకు మొదలై, టీ వేళకు అయిపోయేది.

ఆదోని: ఒక సంతకం

స్టేషను బయట మొదట కనబడింది ఉగ్గాని బండి. మనం మరమరాలనేవాటిని వాళ్లు బొరుగులంటారు. వాటిని నీళ్లలో తడిపి, పిండి, తాలింపు పెట్టి, పైన పుట్నాల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీలు లేకపోతే ఆ ప్లేటును ఎవరూ ముట్టరు. నలభై రూపాయలు. గుంటూరు పక్కవాణ్ణి, మిరపకాయ నాకేం లెక్క అని ఒక బజ్జీ మొత్తం నోట్లో పెట్టుకున్నాను. బండాయన నా కళ్లలో నీళ్లు చూసి, "యా ఊరు సార్ మీది?" అన్నాడు. జిల్లా పరువు పోతుందని "హైదరాబాదు" అన్నాను.

అక్కడే ఖాజా కలిశాడు. ఆటో డ్రైవరు, నలభై ఏళ్లుంటాయి. మ్యాచ్‌లు చూడటానికి ఇంతదూరం వచ్చానంటే నన్ను పైనుంచి కిందదాకా చూశాడు.

"మీ ఊర్లో టీవీలు ల్యావా సార్?"

"ఉన్నాయి."

"మల్ల ఆడ కనపడేదే గదా ఈడా కనపడేది?"

ఆ ప్రశ్న మళ్లీ అడగకుండా, తిరిగినన్నాళ్లూ అతని ఆటోనే మాట్లాడుకున్నాను. రోజుకు డీజిలు కాక ఎనిమిది వందలు.

ఖాజా నన్ను పత్తి మార్కెట్టు దగ్గర ఒక టీకొట్టుకు తీసుకెళ్లాడు. టీ పది రూపాయలు, గ్లాసు మా ఊరి గ్లాసులో సగం, చక్కెర రెట్టింపు. హమాలీలు, దళారులు, పని లేనివాళ్లు కలిసి ఇరవై మంది దాకా ఉన్నారు. ఎవరు ముందు దిగాలో, ఎవణ్ణి ఇంటికి పంపాలో వాళ్లు అప్పటికే తేల్చేశారు. జట్టును ఎంపిక చేసే పని ఈ కొట్టుకు అప్పగిస్తే దేశానికి బోలెడు ఖర్చు మిగులుతుంది.

బల్లకు ఆ చివర భుజం మీద తువాళ్ల మూటతో ఒకాయన కూర్చున్నాడు. పేరు రుద్రప్ప, ఎమ్మిగనూరు నేతగాడు, యాభై దాటాయి. తన సావుకారి సరుకు ఆదోనిలో దించడానికి వచ్చాడు. మూటలు మోసేది ఖాజా ఆటోనే కనుక ఇద్దరికీ స్నేహం.

"ఇరవై ఏండ్ల నుంచి సావుకారికి కూలికి నేస్తాండా సార్," అన్నాడు రుద్రప్ప. "ఒక్కతూరన్నా నా సొంతానికి పడుగెయ్యాలని ఉండాది."

మగ్గానికి పొడుగునా ఎక్కించే దారాల వరసే పడుగు. అడ్డంగా, నాడెను అటూ ఇటూ విసురుతూ నేసేది పేక. రుద్రప్ప మనసులో ఉన్న పడుగు నీలం రంగుది, అంచు కాషాయం: మన జట్టు చొక్కా రంగులు. అరవై తువాళ్లు. కప్పు గెలిచిన రోజు సందుసందుకూ తిరిగి అమ్మేయొచ్చని అతని ఆలోచన. నూలుకు డబ్బు కూడా ఉంది. ఇంటిమీద రేకులు మార్చడానికని దాచినది.

"గెలుస్తారంటారా సార్? సదువుకున్నోళ్లు మీరు, సెప్పండి."

అక్కడ కళ్లజోడు ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ గౌరవం తలకెక్కింది. "గెలవక ఎక్కడికి పోతారు? కావాలంటే రాసిస్తాను" అన్నాను.

మా వైపు ఎవరైనా అలా అంటే అవతలివాళ్లు తల ఊపి టీ తాగుతారు. రుద్రప్ప మూట విప్పి, సరుకు చీటీ వెనకవైపు తిప్పి నా ముందు పెట్టాడు. పెన్ను ఖాజా ఇచ్చాడు. టీకొట్టు మొత్తం చూస్తుండగా 'ఈసారి కప్పు ఇండియాదే' అని రాసి సంతకం పెట్టాల్సి వచ్చింది. రుద్రప్ప ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, మ్యాచ్ మొదలవకముందే బస్సుకు వెళ్లిపోయాడు.

అతను వెళ్లిన పావుగంటకు మనవాళ్ల వికెట్లు రాలడం మొదలైంది. ఓటమి కూడా మామూలు ఓటమి కాదు, సిగ్గు తీసే ఓటమి. టీవీ కట్టేశాక ఒక హమాలీ మెల్లిగా నావైపు తిరిగాడు.

"ఈ సార్ ఎవురప్పా? ఈయప్ప వచ్చి కూసున్నంకనే గదా మొదలాయ."

ఆడింది పదకొండు మంది. వాళ్లను ఎంపిక చేసినవాళ్లు వేరే. శిక్షణ ఇచ్చేవాళ్లు అరడజను. వాళ్లందరినీ వదిలేసి తప్పంతా నా మోకాళ్ల దగ్గరికి వచ్చింది. ఐరన్ లెగ్ అన్న మాట ఆ కొట్టులో మొదట ఎవరన్నారో తెలియదు. నేను బిల్లు ఇచ్చి బయటికి వచ్చేసరికి అందరూ అంటున్నారు.

పెద్దకడుబూరు: చేలో గెలిచిన మ్యాచ్

రెండో మ్యాచ్ పెద్దకడుబూరు దగ్గర ఒక పల్లెలో, ఖాజాకు తెలిసిన రైతు ఇంట్లో చూశాం. చూశాం అంటే వాళ్లు చూశారు.

ఆ ఇంట్లో పత్తి గదినిండా ఉంది. మంచం కింద పత్తి, మంచం మీద పత్తి, టీవీ చుట్టూ పత్తి. కూర్చోవడానికి చోటు లేక పత్తి మీదే కూర్చోబెట్టారు. ఏ స్టేడియంలోనూ ఇంత మెత్తని సీటు ఉండదని ఇంజినీరు గారికి ఫొటో పంపాను. ఆయన చూసినట్టు గుర్తు వచ్చింది గానీ జవాబు రాలేదు.

భోజనానికి జొన్నరొట్టె, ఊరిబిండి. వేరుశనగలు, పచ్చిమిరపకాయలు కలిపి రోట్లో నూరిన పచ్చడి అది. మా ఇళ్లలో పచ్చడి అన్నం పక్కన గోరంత వేసుకుంటాం. అక్కడ రొట్టె నిండా పూసి ఇస్తారు, అయిపోతే మళ్లీ పూస్తారు. నాలుగు రొట్టెలు తిన్నాను. మూడో ఓవరుకు నా కడుపు తన ఆట మొదలుపెట్టింది. చెంబు పట్టుకుని చేలోకి పరిగెత్తాను.

తిరిగొచ్చి కూర్చున్నాను, ఒక వికెట్. మళ్లీ చేలోకి పోయాను, ఇంట్లోంచి కేకలు: రెండు సిక్సర్లు. తిరిగొచ్చాను, ఇంకో వికెట్. ఈ లెక్క నాకంటే ముందు ఆ రైతు భార్యకు అర్థమైంది. నేను మూడోసారి చెంబుతో గుమ్మం ఎక్కబోతుంటే ఎదురొచ్చింది.

"సార్, ఏమనుకోవద్దు. మీరు చేన్లో ఉంటే సిక్సర్లు పడుతాండాయి, ఇంట్లోకొస్తే వికెట్లు పడుతాండాయి. ఇంగ రొంతసేపు ఆడనే ఉండండి."

అంత మర్యాదగా నన్నెవరూ ఎప్పుడూ గెంటలేదు. మిగతా ఆటంతా పత్తిచెట్ల మధ్య గట్టు మీద కూర్చున్నాను. ఇండియా గెలిచింది. ఖాజా పరిగెత్తుకుంటూ వచ్చి నా చేతులు పట్టుకుని ఊపాడు. ఏమీ చూడకుండా అభినందనలు అందుకోవడం నాకు అదే మొదలు.

ఆటో ఎక్కుతుంటే రుద్రప్ప ఫోను చేశాడు. గొంతు పొంగిపోతోంది. "సార్, నీలం పడుగు ఎక్కిచ్చినా! మీ సీటీ మగ్గానికే కట్టినా!"

"మొదటి మ్యాచ్ ఓడాంగదా, ఇంకో రెండు చూసి ఎక్కించాల్సింది" అన్నాను.

"అట్లయ్యేది గాదు సార్. గెలిచినంక మొదలుపెడితే నేసేలోపల ఇంగో కప్పొస్తాది. ఒగసారి ఎక్కిచ్చినంక పడుగు దించేది ల్యా. నేసుకుంటా పోవాల్సిందే."

వేలకొద్దీ దారాలు ఒక్కొక్కటిగా అతికించి ఎక్కించిన పడుగును దించడమంటే కోసి పారేయడమే. అంటే రుద్రప్ప ఇంటిమీది రేకులు నా సంతకం మీద ఆధారపడ్డాయి. ఆ సాయంత్రం నా కడుపు నొప్పికి ఊరిబిండి ఒక్కటే కారణం కాదు.

పత్తికొండ: ఉపన్యాసం, టమాటాలు

మూడో మ్యాచ్‌కి పత్తికొండ చేరేసరికి నా సంగతి మాకంటే ముందు చేరింది. ఖాజాకు ఊరూరా ఒక స్నేహితుడు, స్నేహితుడికో ఫోను. టమాటా మార్కెట్టులో ఒక మండీ కొట్టు ముందు ఆగగానే లోపలివాళ్లు నన్ను కాకుండా నా కాళ్లను చూశారు.

నాకు రోషం వచ్చింది. ముప్పై నాలుగేళ్లు సైన్సు మీద నడిచే శాఖలో పనిచేసినవాణ్ణి. పత్తికొండలో కూర్చున్నవాడి కంటిచూపు సముద్రం దాటి బంతిని ఎలా తిప్పుతుందో చెప్పమని అడిగాను. ఇదంతా మూఢనమ్మకమని, చదువుకున్న దేశానికి సిగ్గుచేటని పది నిమిషాలు దంచాను. అందరూ బుద్ధిగా విన్నారు. నేను ముగించి టీవీ వైపు తిరిగేసరికి మూడు వికెట్లు పోయాయి.

"అయిపోయిందా సార్ సెప్పేది?" అన్నాడు మండీ ఆయన. "ఇంగ రొంత బయట కూసుంటారా?"

బయట ట్రాక్టర్లు, ఆటోలు వరసగా ఆగి ఉన్నాయి. ఒక ముసలి రైతు తన టమాటా పెట్టెలు దించి, వేలం పాట అయిపోయాక ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. ఏం ధర పలికిందని అడిగితే కిలో మూడు రూపాయలన్నాడు. మా తెనాలిలో ఆ వారం ముప్పై. మధ్యలోని ఇరవై ఏడు రూపాయలు ఎవరు తిన్నారో కనిపెట్టడానికి ఏ టీవీలోనూ రీప్లే వేయరు. లోపల మనవాడొకడు సున్నాకు ఔటైతే పెద్ద మనుషులు నెత్తి కొట్టుకుంటున్నారు. బయట ఒక పంట మొత్తం సున్నాకు ఔటైంది. నాకు నిజంగా కోపం వచ్చింది, ఎవరి మీద చూపించాలో తెలియక ఒక పెట్టె టమాటాలు కొన్నాను.

"ఇన్ని ఏం చేసుకుంటావు పెద్దాయనా?" అన్నాడా ముసలాయన.

"ఏమో. లోపలికి రానివ్వడం లేదు నన్ను."

కథంతా చెప్పించుకుని విని, పళ్లు లేని నోటితో హాయిగా నవ్వాడు. "అట్లయితే పొద్దున నా పెట్టెలకల్లా సూసినావా యేంది?"

ఇండియా గెలిచింది. టమాటాలు నా ఒళ్లో పెట్టుకుని ఆ రాత్రి బసకు చేరాను. సగం దారిలో ఖాజా బ్రేకు వేశాడు కనుక చొక్కా మీద మరక ఇప్పటికీ పోలేదు.

కోడుమూరు: సగం గడ్డం

సెమీఫైనల్ రోజుకు నా రోషం చల్లారింది. ఎమ్మిగనూరు నుంచి రుద్రప్ప రోజూ ఫోను చేసి ఎన్ని తువాళ్లు కోశాడో చెబుతున్నాడు. పది, పద్నాలుగు, పంతొమ్మిది. సైన్సు సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు రేకుల సంగతి చూడాలి అనిపించింది. టీవీ లేని చోటు చూడమని ఖాజాను నేనే అడిగాను. కోడుమూరు బజార్లో ఒక మంగలి షాపులో దించి, "ఈ సార్ ఐదు గంటల దాకా ఈడనే" అని అప్పగించి పోయాడు.

షాపాయన నెమ్మదస్తుడు. గడ్డానికి అరవై తీసుకుంటానన్నాడు. నురగ పూసి, కుడి చెంప గీసి, ఎడమ చెంపకు కత్తి ఆనించాడు. అంతలో ఎదురు సెల్‌ఫోన్ కొట్టులోంచి పెద్ద కేక. "ఒక్క నిమిషం సార్" అని కత్తితో సహా పరిగెత్తాడు. ఆ ఒక్క నిమిషం యాభై నిమిషాలు పట్టింది. నురగ ఆరిపోయి చెంప బిగుసుకుంది. అద్దంలో ఒకవైపు పెళ్లికొడుకు, ఒకవైపు పరారీలో ఉన్న ఖైదీ. లేచి వెళ్లి పిలుద్దామంటే ఎదురు కొట్టులో టీవీ ఉంది. నా మూలంగా దేశం ఓడిపోకూడదని కదలకుండా కూర్చున్నాను. పత్తికొండ ఉపన్యాసం నాకే గుర్తొచ్చి సిగ్గేసింది, అయినా లేవలేదు.

గెలిచాం. షాపాయన ఊగుతూ వచ్చి ఎడమ చెంప ఉచితమన్నాడు. మొత్తం మీద ముప్పై తీసుకున్నాడు.

ఎమ్మిగనూరు: నీలం పడుగు

ఫైనల్‌కు ముందురోజు ఎమ్మిగనూరు చేరాం. రుద్రప్ప వీధిలో ఇంటింటా మగ్గం చప్పుడు. అతని ఇల్లు రెండు గదులు. పైన రేకులకు అక్కడక్కడ చిల్లులు. వాటిలోంచి పడే ఎండ నేలమీద రూపాయి బిళ్లల్లా ఉంది. వానొస్తే ఎక్కడెక్కడ గిన్నెలు పెట్టాలో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. మగ్గం మాత్రం చుక్క పడని మూలలో ఉంది.

నీలం పడుగు నిజంగా బాగుంది. మంచి నీలం, సన్నని కాషాయ అంచు. ముప్పై తువాళ్లు కోసి మడతపెట్టి ఉన్నాయి, ఇంకో ముప్పైకి సరిపడా పడుగు మగ్గం మీద ఉంది. మగ్గం గుంజకు పసుపు దారంతో నా చీటీ కట్టి ఉంది, కుంకుమ బొట్టుతో సహా. నా చేతిరాతకు పూజ జరగడం నా సర్వీసులో ఎప్పుడూ లేదు.

రుద్రప్ప భార్య ఈరమ్మ రాట్నం ముందు కూర్చుని దారం చుడుతోంది. పేక నేయడానికి నాడెలో పెట్టే చిన్న కండెలు చుట్టడం ఆ ఇళ్లలో ఆడవాళ్ల పని. మంచినీళ్లిచ్చి మళ్లీ రాట్నం ముందు కూర్చుంది. ఆమె బుట్టలోని కండెలు ఎర్రవి.

"పడుగు నీలం కదమ్మా, ఎరుపు ఎందుకు?" అన్నాను.

"ఉండనీ సార్. అది ఏరే పనికి."

రుద్రప్ప ఆ బుట్టవైపు చూడనైనా లేదు. రేపు తువాళ్లు భుజాన వేసుకుని ముందు ఏ సందులోకి పోవాలో ఖాజాకు చెబుతున్నాడు. "ఇదొక్కటి అమ్ముడుపోతే సార్, ఇంగ సావుకారి గడప తొక్కను" అన్నాడు నాతో. "పోకపోతే మల్ల సచ్చేదాంకా కూలే. ఈమె ఇంగోసారి డబ్బు ముట్టనీదు."

గుంటలో కాళ్లు

ఫైనల్ రోజు వీధి మొత్తానికి పక్కింటి అరుగు మీద టీవీ పెట్టారు. నన్నెక్కడ పెట్టాలన్నది పెద్ద చర్చ. ఊరు దాటిస్తే మంచిదని ఒకరు, గుడిలో కూర్చోబెట్టాలని ఒకరు. చివరికి ఖాజా లేచాడు.

"తప్పు సార్‌ది గాదు, కాలుది. కాలు భూమిలో పెడితే బస్, ఖతం."

అందరికీ నచ్చింది. ఎమ్మిగనూరు మగ్గాలు గుంట మగ్గాలు. నేసేవాడు గుంట అంచున కూర్చుని కాళ్లు లోపలికి దించి తొక్కుతాడు. నా ఫోను తీసుకుని బియ్యం డబ్బాలో వేశారు. నన్ను రుద్రప్ప చోట్లో కూర్చోబెట్టి కాళ్లు గుంటలో దించారు. మ్యాచ్ అయ్యేదాకా బయటికి తీయకూడదు. ముప్పై నాలుగేళ్ల ప్రభుత్వ సర్వీసు చేసినవాణ్ణి, కిక్కురుమనకుండా కూర్చున్నాను. అంతకన్నా నవ్వులాట ఏమిటంటే, నేను మనసారా కూర్చున్నాను.

ఈరమ్మ మ్యాచ్‌కు పోలేదు. నా పక్కనే రాట్నం తిప్పుతూ కూర్చుంది. బయట కేక లేచినప్పుడల్లా నేను ఉలిక్కిపడుతున్నాను, ఆమె దారం తెగకుండా చూసుకుంటోంది.

"నీకు భయం లేదామ్మా?" అన్నాను.

"భయపడితే నూలు నిలుస్తాదా సార్?"

కేకల్ని బట్టి మనవాళ్లు బాగానే కొట్టారు. అవతలివాళ్ల బ్యాటింగ్ మొదలయ్యాక కూడా చాలాసేపు మన కేకలే. నాలుగున్నర ప్రాంతంలో నా కుడి పిక్క పట్టేసింది. ఎంత ఓర్చుకున్నా కాలేదు. ఏడుపొచ్చేంత నొప్పి. కాలు పైకి లాగి, అంచున చాపి, గట్టిగా రుద్దుకున్నాను. రెండు నిమిషాలు, మహా అయితే మూడు. తిరిగి దించేలోపు బయట అంతా నిశ్శబ్దమైపోయింది. ఈరమ్మ రాట్నం ఒక్కటే తిరుగుతోంది.

అంత నిశ్శబ్దాన్ని తప్పుగా అర్థం చేసుకునే వీలు లేదు. కాసేపటికి ఖాజా గుమ్మంలోకి వచ్చాడు. వెనక రుద్రప్ప, అతని వెనక సగం వీధి.

"ఆఖరి ఓవర్లో పాయ సార్," అన్నాడు ఖాజా. తర్వాత గుంటలోకి వంగి చూశాడు. "కాలు బయట పెట్టినారా?"

కాలికీ ఆటకూ సంబంధం లేదని వాళ్లకు చెప్పింది నేనే. అది అబద్ధమని ఆ క్షణంలో నమ్మింది కూడా నేనే. రుద్రప్ప మొహం చూడలేకపోయాను.

"ల్యా," అంది ఈరమ్మ రాట్నం ఆపకుండా. "సార్ కాళ్లు గుంటలోనే ఉండె. నేను సూస్తానే ఉండా గదా. మీరు ఆడ అరిసింది సాలు, పోండి."

వాళ్లు వెళ్లిపోయారు. రుద్రప్ప వాకిట్లో చాప మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నానికి పిలిచినా లేవలేదు. నేనూ తినలేదు. నా నోటి దూలతో ఒక మనిషి ఇంటికప్పు తీసేశాను.

ఎర్ర కండెలు

పొద్దున మగ్గం చప్పుడుకు మెలకువ వచ్చింది. రుద్రప్ప లేచాడనుకుని లోపలికి వెళ్లాను. అతను ఇంకా చాప మీదే ఉన్నాడు. మగ్గం మీద ఈరమ్మ ఉంది. నాడెలో ఎర్ర కండె. నీలం పడుగులో ఎర్ర పేక పడుతుంటే గుడ్డ నేరేడు పండు రంగులో తేలుతోంది. దాని పక్కన కాషాయ అంచు నిన్నటికంటే అందంగా ఉంది. అది ఏ జట్టు చొక్కా కాదు, ఎవరైనా భుజాన వేసుకోదగ్గ మంచి తువాలు.

"పడుగు మార్చలేమని కదమ్మా ఆయన చెప్పింది?" అన్నాను.

"పడుగు మార్చేది ల్యా సార్. పేక మన సేతిలోదే గదా. ఈ ముప్పై సంతలో పోతాయి, రేకులు వస్తాయి. ఆ నీలంవి పెట్లో పెడతా." నాడె విసిరింది, అందుకుంది. "మల్లెప్పుడు సార్ కప్పు?"

"రెండు నెలల్లో ఇంకోటి ఉంది, ఈసారి ఒక్క జట్టుతోనే."

"అబ్బ, ఇంగేం. అవీ పోతాయి."

వాకిట్లో చాప మీద రుద్రప్ప కదిలిన చప్పుడైంది.

"ఇన్ని ఎర్ర కండెలు ఎప్పుడు చుట్టావమ్మా? నేను ఐరన్ లెగ్ అని విన్నాకనా?"

"కాలు సంగతి నాకేం తెలుసు సార్? మీరు సంతకం పెట్టిన సీటీ ఆయప్ప ఇంటికి తెచ్చినాడే, ఆ దినమే ఎర్ర నూలు తెప్పిచ్చుకుంటి. ఎవురన్నా రాసిచ్చినారంటే నాకు భయం."

చెప్పుతో కొట్టినా అంత తగిలేది కాదు. ఆమె మగ్గం ఆపి, గుంజకు కట్టిన నా చీటీ విప్పింది. కుంకుమ బొట్టు తుడిచి నా చేతిలో పెట్టింది. మళ్లీ ఏదో తోచినట్టు ఆగి, సరుకు చీటీ ఇంకోటి తీసి ముందుకు జరిపింది.

"పోతాపోతా ఒగ ఉపకారం చేయండి సార్. రెండు నెలలకు ఇండియా ఎవురితో ఆడుతాదో, వాళ్లే గెలుస్తారని రాసియ్యండి."

ఆమె నవ్వుతోంది. వాకిట్లోంచి రుద్రప్ప నవ్వు కూడా వినబడింది. నేను నవ్వలేదు. ఖాజా దగ్గర పెన్ను తీసుకుని, అవతలి జట్టు పేరు పెద్ద అక్షరాలతో రాసి, ఇంటిపేరుతో సహా సంతకం పెట్టి ఇచ్చాను.